పాప ఫుట్‌బాల్‌కి పోతానంటోందా? ముందు ఇంట్లో సర్దుకోవాల్సినవి

అనంతపురం పాతవూళ్ళో నాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, చుడీదార్లు, స్కూలు యూనిఫారాలు కుడతాను. మా ఆయన ఆటో తోలతాడు. పెద్దపాపకి 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ లెఫ్ట్ బ్యాక్ ఆడుతుంది, అంటే గోల్ ముందు ఎడమపక్కన కాపలా. ఏడో తరగతిలో గ్రౌండ్‌కి పోవడం మొదలుపెట్టింది.

షాపుకొచ్చే అమ్మలు "మా పాప కూడా ఫుట్‌బాల్ అంటోందక్కా, ఏం చెయ్యాల?" అని అడుగుతుంటారు. టేపు మెడలో వేసుకునే చెప్తుంటాను. అదే ఇక్కడ రాస్తున్నా. బాల్ ఎట్లా తన్నాలో నన్నడగొద్దు, ఆఫ్‌సైడ్ నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. మా పాపతో పాటు మొదలుపెట్టిన పిల్లలు 14 మంది. ఇప్పటికీ ఆడుతున్నది ముగ్గురు. ఆట రాక మానేసింది వాళ్ళలో ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళంతా నిక్కరు దగ్గర ఆగిపోయారు, ఒంట్లో రక్తం లేక ఆగిపోయారు, ఒక కాగితం దొరక్క ఆగిపోయారు, పొద్దున లేపే మనిషి లేక ఆగిపోయారు. ఇవన్నీ ఇంట్లో చూసుకోవాల్సినవే.

కరువు జిల్లాలో ఫుట్‌బాల్ ఏంది అనుకుంటారు బయటివాళ్ళు. 1969లో స్పెయిన్ నుంచి విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టినప్పట్నుంచి మా జిల్లాకి స్పెయిన్‌తో చుట్టరికం. ఆటలకని ఒక స్పోర్ట్స్ విలేజే కట్టారు. స్పెయిన్‌లో లా లిగా అనే పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఆడించేవాళ్ళ ఫౌండేషన్ కూడా ఇక్కడి పిల్లల ఫుట్‌బాల్‌కి చెయ్యేసింది. అందుకే శెనక్కాయ చేలల్లోంచి వచ్చిన పిల్లకి కూడా బార్సిలోనా తెలుసు. మీ ఊళ్ళో అంత లేకపోయినా ఫర్వాలేదు. మనసున్న పీఈటీ సారో మేడమో ఒకరుంటే మొదలుకి చాలు.

నిక్కరు సంగతి

మొదటి గొడవ ఇక్కడే. మా అత్త, అంటే పాప జేజి, మొదటిరోజే "మోకాళ్ళు కనబడేట్టు వీధిలో పోతుందా?" అంది. నేను కూడా లోపల అదే అనుకుంటున్నా, ఆమె ముందు అనేసింది, అంతే తేడా. దానికి దారి నా మిషను మీదే దొరికింది.

అంగళ్ళలో దొరికే నిక్కర్లు మగపిల్లల కొలతకి కుట్టినవి. నడుం పట్టేది తీసుకుంటే తుంటి దగ్గర బిగుస్తుంది, పిల్ల పరుగెత్తేటప్పుడు మాటిమాటికీ కిందికి లాక్కుంటుంది. బాల్ మీద ఉండాల్సిన చెయ్యీ కన్నూ నిక్కరు మీద ఉంటే ఇంక ఆటేముంది? కాబట్టి తుంటి కొలతకి కొనండి. నడుం వదులైతే ఎలాస్టిక్ విప్పి, రెండంగుళాలు తగ్గించి, మధ్యలో నాడా కూడా ఎక్కించండి. పక్క కుట్లు కిందినుంచి రెండంగుళాలు విప్పి మడిచి కుడితే తొడ పట్టెయ్యదు. లోపలికి సైక్లింగ్ షార్ట్ కొనాల్సిన పని లేదు. పాత నల్ల లెగ్గింగు మోకాలికి నాలుగంగుళాల పైన కత్తిరించి ఓవర్‌లాక్ వేస్తే సరి. కాలు ఎత్తినా పడినా పిల్లకి భయముండదు. ఇది వేసినాక మా అత్త గొడవ సగమైంది. మిగతా సగానికి ఇంటినుంచి గ్రౌండ్‌దాకా పైన ట్రాక్ ప్యాంటు వేసి పంపాను.

లోపలి లెగ్గింగు నడుం పట్టీ వెనక ఒక చిన్న జేబు కుడతాను నేను. ఒక ప్యాడ్ పట్టేంత. బయటికి కనబడదు. ఈ జేబుకని షాపుకొచ్చే పిల్లలున్నారు ఇప్పుడు.

తెల్ల నిక్కరు మాత్రం వద్దని చెప్పండి. మా పిల్లల మొదటి జెర్సీ సెట్టు తెలుపే వచ్చింది. నెలసరి రోజుల్లో నలుగురు పిల్లలు కడుపునొప్పి అని సాకు చెప్పి ఇంట్లో ఉండిపోయేవాళ్ళు, కోచ్ సార్‌కి కారణం తెలీదు. ఇంగ్లండ్ ఆడవాళ్ళ జట్టే 2023లో ఈ కారణం మీద తెల్ల నిక్కర్లు వదిలి నీలం వేసుకుంది. ఆ ఫొటో ఫోన్‌లో సార్‌కి చూపించాం ముగ్గురు అమ్మలం వెళ్ళి. సార్ ముఖం ఎర్రబడింది కానీ, మరుసటి సెట్టు ముదురు నీలం వచ్చింది. కుట్టింది నేనే.

ఇంకొకటి, అమ్మలు నోరు విప్పి అడగనిది: స్పోర్ట్స్ బ్రా. మామూలుదానితో గంటసేపు పరుగెత్తితే నొప్పి, ఆ నొప్పి పిల్ల ఎవరికీ చెప్పదు, భుజాలు ముందుకి వంచుకుని పరుగెత్తుతుంది. అట్లా గూని పెట్టి పరుగెత్తే పిల్లని చూస్తే ఆట రాదేమో అనుకుంటారు. కొనేటప్పుడు ఛాతీ కింద చుట్టుకొలత టేపుతో తీసుకోండి, పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకన్నా వదులు వద్దు. బరువు మోయాల్సింది కింది పట్టీ. భుజం పట్టీల మీద భారం పడితే ఆ సైజు తప్పు. ట్రయల్ రూములో పదిసార్లు ఎగిరి చూడమనండి. అంగట్లో మగవాళ్ళే ఉంటే ఆడమనిషిని పిలవమని అడగండి, తప్పేం లేదు.

పాపతో ఆడే పిల్లల్లో ఒక ముస్లిం అమ్మాయి ఉంది. వాళ్ళమ్మ తల మీద గుడ్డ లేకుండా పంపనంది, ఎవరో రూల్స్ ఒప్పుకోవన్నారు. అది పాత మాట. 2014 నుంచి ఒప్పుకుంటున్నారు. నల్లరంగు గానీ జెర్సీ రంగు గానీ ఉండాలి, జెర్సీకి కలిపి కుట్టకూడదు, పిన్నులు ఉండకూడదు, కొసలు వేలాడకూడదు. సాగే గుడ్డతో టోపీలాగా తలమీంచి తొడుక్కునేట్టు కుట్టిచ్చాను. మూడోసారికి కుదిరింది. మొదటి రెండూ చెవుల దగ్గర పట్టేసి పిల్లకి సార్ మాట వినబడలేదు.

బూట్లకి ఎక్కువ చెప్పను. మా ఎర్రనేల రాయిలాగా ఉంటుంది, పొడుగు స్టడ్స్ వేస్తే మడమ నొప్పే. చిన్న రబ్బరు బొడిపెలున్నవి చాలు. సాయంత్రంపూట, స్టాకింగ్స్ వేసుకుని కొనాలి, పొద్దుటికన్నా సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. పెరిగే కాలని రెండు సైజులు పెద్దవి కొనొద్దు. మేం కొన్నాం, గోరు ఊడింది.

ముక్కుపుడక

ఆటలో ఏ నగా ఒప్పుకోరు. గాజులు, పట్టీలు, చెవిదిద్దులు, మెళ్ళో తాయెత్తు, అన్నీ తీసెయ్యాలి. మీద టేపు అంటించుకుంటామన్నా రిఫరీ వినడు. మిగతావి తీసిపెట్టుకోవచ్చు, కుట్టిన ముక్కు సంగతే తంటా. మా పాపకి పదమూడో ఏట ముక్కు కుట్టించాలని మా అత్త పట్టుబట్టింది, కుట్టించాం. పదిరోజులకి మ్యాచ్. తియ్యబోతే చీము, తీస్తే పూడుకుపోతుంది. పాప బయట కూర్చుంది, నేను ఆమె పక్కన కూర్చున్నా, మా అత్త ఇంట్లో కూర్చుంది, ముగ్గురం మాట్లాడుకోలేదు రెండు రోజులు. ముక్కు కుట్టించాలనుంటే పోటీలన్నీ అయిపోయాక, ఎండాకాలం సెలవల మొదట్లో కుట్టించండి. మానడానికి నెలలు పడుతుంది.

పొద్దున ఐదు

లేపే పని మీరు పెట్టుకోవద్దు. నేను పెట్టుకుని ఆరునెలలకి విసిగిపోయాను. రాత్రి పదకొండుదాకా మిషను తొక్కి, పొద్దున నాలుగున్నరకి లేచి పాలు, టిఫిను, పాప జడ. ఒకరోజు "ఈ ఆట మానెయ్యి" అని నేనే అనేశాను. జేజి అనలేదు, వాళ్ళ నాయన అనలేదు, నేనే. ఆ రోజు పాప ఏం మాట్లాడకుండా జడ విప్పేసుకుంది.

తర్వాత పనులు పంచుకున్నాం. లేపడం, గ్రౌండ్ దగ్గర దించడం వాళ్ళ నాయన పని. ఎట్లాగూ రైలు బేరాలకి స్టేషన్‌కి పోతాడు, దారిలో ఇంకో ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకుంటాడు. మొదట్లో దించేసి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు గోడ బయట ఆటో ఆపి, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని చూస్తాడు. చప్పట్లు కొట్టడు. ఆటో సీటు కింద మాత్రం ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటాయి ఎప్పుడూ. సాయంత్రం గిన్నెలు తమ్ముడి పని. "నేనెందుకు?" అన్నాడు, వాడికి పదేళ్ళప్పుడు. "అక్క రెండు గంటలు పరుగెత్తి వచ్చింది, నువ్వు రెండు గంటలు టీవీ చూసినావు" అన్నాను. ఇప్పుడు అన్నం వండుతాడు, రసం కూడా పెడతాడు, ఉప్పు ఎక్కువేస్తాడు. ఇంట్లో మగపిల్లాడికి పని చెప్పకుండా ఆడపిల్లని ఆటకి పంపితే, ఆ పిల్ల రెండు డ్యూటీలు చేసి మూణ్ణెల్లకి పడుకుంటుంది.

జడ గురించి ఒక్కమాట. నూనె రాసి రెండు జడలు గట్టిగా అల్లి వెనక్కి కట్టండి. కత్తిరిస్తానని అడిగితే కత్తిరించనివ్వండి, మళ్ళీ పెరుగుతుంది.

రక్తం, తిండి, నెలసరి

తొమ్మిదో తరగతిలో పాప మ్యాచ్ సగానికే రొప్పేది. సోమరితనం అన్నారు. గోళ్ళు పాలిపోయి కనబడ్డాయి నాకు, గుడ్డ రంగు చూసే కన్ను కదా. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4. ఆ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. ఇది మా ఇంటి వింతేం కాదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా, నూటికి 57 మందికి రక్తహీనత ఉందని కేంద్రం చేసిన ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. కాబట్టి గ్రౌండ్‌కి పంపే ముందే ఒకసారి, తర్వాత ఆర్నెల్లకోసారి రక్తం చూపించండి. ప్రభుత్వ స్కూళ్ళలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర పిల్లలు చాటుగా పారేస్తారు, వికారమని. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకోమనండి. నులిపురుగుల మాత్ర కూడా వదలొద్దు. మా పాపకి డాక్టరు విడిగా మందు రాశారు, మూణ్ణెల్లు పట్టింది.

తిండికి పౌడర్ డబ్బాలు కొనొద్దు. గ్రౌండ్‌కి పోయే ముందు ఒక అరటిపండు. వచ్చినాక ఉగ్గాని, పైన పప్పుల పొడి, పక్కన గుడ్డు. మధ్యాహ్నం రాగిసంగటి, మునగాకు వేసిన పప్పు, నిమ్మకాయ పిండుకుని. ఆ పులుపుతో ఆకుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నంతో పాటు టీ తాగితే పట్టదు, గంట ఆగి తాగమనండి. సాయంత్రం శెనక్కాయ బెల్లం ఉండలు. మన జిల్లాలో వీటికి కరువు లేదు. లావవుతానని తిండి తగ్గించే పిల్లని మాత్రం కనిపెట్టి ఉండండి. ఎక్కువ పరుగెత్తి తక్కువ తింటే నెలసరి ఆగిపోతుంది, ఎముక పలచబడుతుంది. "ఆటాడే పిల్లలకి అంతేలే" అని కొందరంటారు, వినొద్దు. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

నెలసరి రోజుల్లో ఆడొచ్చా అని అడుగుతారు. ఆడొచ్చు. ఒంట్లో బాగుంటే ఆడుతుంది, నొప్పి ఎక్కువుంటే ఆ రోజు కూర్చుంటుంది, ఆ మాట ఆ పిల్ల చెప్పాలి. మా ఇంట్లో క్యాలెండర్ మీద నల్లచుక్క పెడతాం. మా అత్త ఆ మూడు రోజులు వంటింట్లోకి రానివ్వదు పాపని. "గ్రౌండ్‌లోకి రానిస్తారు జేజీ, వంటింట్లోకే రానియ్యరు" అంటుంది పాప. దానికి మా దగ్గర జవాబు లేదు ఇంకా.

మోకాలు

ఇది జాగ్రత్తగా చదవండి. మోకాలి లోపల ఒక లిగమెంట్ ఉంటుంది, ఏసీఎల్ అంటారు. ఫుట్‌బాల్ ఆడే మగపిల్లలకన్నా ఆడపిల్లలకి అది తెగే అవకాశం రెండింతలకి పైనే. ఎవరూ తగలకపోయినా తెగుతుంది. పరుగులో ఒక్కసారి ఆగి తిరిగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు.

పాప జట్టులో ఒకమ్మాయికి అట్లాగే అయింది. టప్‌మని చప్పుడు వినబడిందంది. సాయంత్రానికి మోకాలు సొరకాయంత వాచింది. ఇంట్లోవాళ్ళు నూనె మర్దనా చేయించి ఒకాయన దగ్గర కట్టు కట్టించారు. వాపు తగ్గింది, నడిచింది, బాగైందనుకుని రెండు నెలలకి గ్రౌండ్‌లో దిగింది. మళ్ళీ పక్కకి జారింది. అప్పుడు స్కాన్ తీస్తే లిగమెంట్‌తో పాటు లోపలి మెత్త కూడా చిరిగి ఉంది. చప్పుడు, కొన్ని గంటల్లోనే వాపు, అడుగేస్తే మోకాలు పక్కకి పోతున్నట్టు ఉండటం, ఈ మూడిట్లో ఏది కనబడినా నూనె వద్దు, కట్టు వద్దు, ఎముకల డాక్టరు దగ్గరికి పొండి. ఆపరేషన్ అయినా తొమ్మిది నెలల లోపు మ్యాచ్‌లో దించొద్దని చెప్తారు డాక్టర్లు.

రాకుండా చూసుకోవడానికి దారి ఉంది, ఖర్చు లేదు. ఫిఫా లెవెన్ ప్లస్ అనే వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు. మొదట నెమ్మది పరుగులు ఎనిమిది నిమిషాలు, మధ్యలో పది నిమిషాలు ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం, గుంజీల్లాంటివి, ఎగరడం, చివర రెండు నిమిషాలు వేగంగా పరుగు. వారానికి రెండు మూడుసార్లు చేసే జట్లలో దెబ్బలు బాగా తగ్గాయని చాలా దేశాల్లో చూశారు. మీ కోచ్ రెండు రౌండ్లు పరుగెత్తించి నేరుగా మ్యాచ్ పెడుతుంటే, దీని గురించి మర్యాదగా అడగండి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చెయ్యొచ్చు. నేను షాపులో చేస్తాను, నిలువుటద్దం ఉంది కదా. పిల్లని చిన్న పీట మీదనుంచి రెండు కాళ్ళతో కిందికి దూకమనండి. దిగేటప్పుడు మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి దగ్గరైతే జాగ్రత్త పడాలి. పాదం ఎటు చూస్తోందో మోకాలు అటే చూడాలి, చప్పుడు కాకుండా, పిల్లి దిగినట్టు దిగాలి. అద్దంలో చూసుకుంటూ రోజూ పది దూకుళ్ళు. మా పాప ఎనిమిదో తరగతిలో మోకాళ్ళు రాసుకుని దిగేది. సరి కావడానికి ఒక వేసవంతా పట్టింది, జాకెట్ల కొలతలకొచ్చిన ఆడవాళ్ళు వింతగా చూస్తుండగా.

తలకి దెబ్బ తగిలితే ఇంకో లెక్క. కళ్ళు తిరిగినట్టున్నా, వెలుతురు గుచ్చినట్టున్నా ఆ రోజుకి ఆట బంద్, ఎంత పెద్ద మ్యాచ్ అయినా సరే. వాంతి అయితే నేరుగా ఆస్పత్రికే.

కాగితాలు

మా పాప నవంబర్లో పుట్టింది. బడిలో చేర్చేటప్పుడు అక్కడ రాసుకున్నాయన జూన్ అని వేసేశాడు, అప్పట్లో అందరికీ జూనే. మేం చూసుకోలేదు. ఆధార్ బడి కాగితం చూసి తీయించాం. పద్నాలుగో ఏట జిల్లా జట్టు నుంచి ముందుకి పోయే సెలక్షన్ వచ్చింది. పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక తారీఖు, ఆధార్‌లో ఒకటి. పక్కన నిలబెట్టారు. పాప బూట్లు విప్పకుండా రెండు గంటలు అట్లాగే నిలబడింది, ఎవరైనా మళ్ళీ పిలుస్తారేమోనని. ఆ సంవత్సరం పోయింది. తప్పు ఎవరిదని వెతకడంలో ఒక నెల వృథా చేశాను, ఆ నెలలో దిద్దించుకుని ఉండొచ్చు.

కాబట్టి బాల్ కొనకముందే పుట్టిన సర్టిఫికెట్ బయటికి తియ్యండి. పేరు, ఇంటిపేరు, తారీఖు, అమ్మ పేరు, నాన్న పేరు, అక్షరం అక్షరం ఆధార్‌తో, స్కూలు రికార్డుతో కలవాలి. ఆధార్‌లో పుట్టిన తారీఖు ఒక్కసారే మార్చనిస్తారు, అందుకని సరైన కాగితం చేతిలో పెట్టుకునే పొండి. పుట్టినప్పుడు నమోదే చేయించకపోతే, ఏడాది దాటినదానికి మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, దానికి తిరగాల్సి వస్తుంది, ముందే మొదలుపెట్టండి. వయసు తగ్గించి రాయిద్దామనే తెలివి వద్దు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే పద్ధతి ఉంది. ఆడిన ప్రతి టోర్నమెంటు సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో దాచండి, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. కాలేజీ సీటుకైనా, ఉద్యోగానికైనా స్పోర్ట్స్ కోటా అడిగేటప్పుడు నోటిమాట పనికిరాదు.

బయటూరు ప్రయాణాలు

మొదటిసారి పాప రైలెక్కినప్పుడు నేను మూడు రోజులు మిషను ముట్టలేదు. ఇప్పుడు అడగాల్సినవి అడిగేసి నిద్రపోతాను. జట్టుతో ఆడమనిషి మేనేజరు ఉందా, ఆమె ఫోన్ నంబరు ఏంది, పడక ఎక్కడ, బాత్రూంకి గడియ ఉందా. సిగ్గుపడకుండా అడగండి. ఇంటి దగ్గర కూడా కొన్ని కట్టుబాట్లు ఉండాలి. కోచ్ మెసేజ్‌లు అమ్మానాన్నలున్న గ్రూపులోనే రావాలి. కాలికి మసాజ్ అంటే తలుపు తెరిచి, ఇంకో పిల్ల పక్కనుండగా. రాత్రిపూట ఒక్కదానికే ఫోన్ చేసే మనిషి ఎంత పెద్ద కోచ్ అయినా సరే అనుమానించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పాపకి నోటికి వచ్చుండాలి. మంచి కోచ్ ఇవన్నీ వింటే సంతోషిస్తాడు. ముఖం చిట్లించేవాడి దగ్గరికి మా పాపని నేనైతే పంపను.

చుట్టాలు

"ఎండకి నల్లబడింది", "కాళ్ళు మగపిల్లాడి కాళ్ళయినాయి", "రేపు ఎవరు చేసుకుంటారు?" మా ఆడబిడ్డ ఒకసారి పెళ్ళి భోజనాల్లో పాప పిక్కలు చూపించి మరీ అడిగింది.

మొదట్లో నేను గుగులోత్ సౌమ్య పేరు చెప్పేదాన్ని. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల, ఇండియాకి ఆడింది, క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడింది, 2024-25లో దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తీసుకుంది. మా అత్తకి ఫోన్‌లో ఆ పిల్ల ఫొటో చూపించాను. "మన లెక్కనే ఉంది" అంది, అంతే. కానీ ఈ దారి మంచిది కాదని తర్వాత తెలిసింది. మా పాప సౌమ్య కాకపోవచ్చు. కాదు కూడా, ఎడమకాలే బాగా వస్తుంది, ఎత్తు చాలదు. సౌమ్య పేరు చెప్పి పర్మిషన్ తీసుకుంటే, సౌమ్య కాలేదని తెలిసినరోజు ఆ పర్మిషన్ పోతుంది. ఇప్పుడు ఎవరైనా అడిగితే "పొద్దున ఐదుకి లేస్తుంది, ఆకలేసి తింటుంది, రాత్రి తొమ్మిదికి నిద్రపోతుంది" అంటాను. దానికి ఎదురు మాట ఎవరి దగ్గరా లేదు.

మా అత్త ఈరోజుకీ ఒప్పుకోలేదు. అట్లాగని శెనక్కాయలు ఉప్పేసి వేయించి పొట్లం కట్టేది ఆమే. రెండూ నిజమే. ఆమెని ఒప్పించాలని నేను ఇంక ప్రయత్నం చెయ్యడం లేదు.

పాపలో ఏం మారిందంటే, పెద్ద పెద్ద మాటలు నాకు రావు. సప్తగిరి సర్కిల్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు గమనించాను. నా చెయ్యి పట్టుకుని, తల తిప్పి కుడిభుజం మీదుగా ఒకసారి, ఎడమభుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తుంది. లెఫ్ట్ బ్యాక్‌లకి అది అలవాటంట, వెనకనుంచి ఎవరొస్తున్నారో బాల్ రాకముందే చూసుకోవాలంట. ఇంట్లో నేను ఫోన్ చూస్తుంటే, జేజి వస్తోందని "మ్యాన్ ఆన్!" అని అరుస్తుంది, వెనక మనిషి ఉంది చూసుకో అని ఆటలో అట్లా అరుస్తారంట. ఒకసారి తాడిపత్రి బస్సులో ఒకడు మీద మీద పడుతుంటే, నిలబడినచోట నుంచి కదలకుండా "వెనక్కి జరుగు" అంది. గ్రౌండ్‌లో అరిచే గొంతుతో. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. వాడు దిగిపోయాడు. అదే చోట ఆ వయసప్పుడు నేనైతే పైట సర్దుకుని ముందుకి జరిగి ఉండేదాన్ని.

మ్యాచ్ ఓడి వచ్చినరోజు ఏం మాట్లాడొద్దు. అన్నం పెట్టండి. జట్టులో పేరు రానిరోజు ఇంకా కష్టం, ఆరోజు వాళ్ళ నాయన ఆటోలో ఊరు చుట్టూ తిప్పుకొస్తాడు, అదెందుకు పనిచేస్తుందో నాకు తెలీదు.

చదువు పోతుందని భయపడేవాళ్ళకి: పరీక్షల నెలలో గ్రౌండ్ పూర్తిగా ఆపొద్దు, వారానికి రెండుసార్లకి తగ్గించండి. పూర్తిగా ఆపిన సంవత్సరం మా పాపకి మార్కులేం పెరగలేదు, నిద్ర పోయింది. ఆడలేని రోజు వచ్చినా రిఫరీ పరీక్షలున్నాయి, కోచింగ్ లైసెన్సులున్నాయి, పీఈటీ కావడానికి చదివే బీపీఈడీ ఉంది. మా పాపకి రిఫరీ మీద కన్నుంది, అందరి మీదా విజిల్ ఊదొచ్చని.

బ్యాగు

ప్రయాణానికి సర్దేది ఇది. బూట్లు విడిగా ప్లాస్టిక్ సంచిలో. స్టాకింగ్స్ మూడు జతలు, షిన్‌గార్డులు, లోపలి లెగ్గింగులు నాలుగు, జెర్సీ రెండూ. ప్యాడ్లు తారీఖు కాకపోయినా సరే. రబ్బరు బ్యాండ్లు, దూది, టేపు, చిన్న కత్తెర. సూదీదారం, ఎందుకంటే జెర్సీ చంకలో చిరుగుతుంది, ఎప్పుడూ అక్కడే. చన్నీళ్ళతో ఉతకమని చెప్పండి, రక్తం మరక వేణ్ణీళ్ళకి గుడ్డలోకి పట్టేస్తుంది. కాగితాల కవరు అడుగున, జెరాక్సులు పైన.

ఈ రాత్రి పదకొండుకి పాప రైలు. బ్యాగు జిప్పు మళ్ళీ పళ్ళు వదిలింది, ఇప్పుడు దాన్ని మిషను మీద పెట్టాను. సైడు జేబులో పొట్లం ఒకటి దొరికింది, ఇంకా వెచ్చగా ఉంది. జిప్పు కుట్టేదాకా పక్కన పెట్టి, మళ్ళీ అదే జేబులో, ఆమె పెట్టినచోటే పెట్టేస్తాను.